అడిగితే గేటు తీసే తోటలు: నేషనల్ గార్డెన్ స్కీమ్ "బై అరేంజ్‌మెంట్" సందర్శనలపై సమీక్ష

ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రైవేటు ఎస్టేట్ల తోటలను బయటివారు చూడడానికి మార్గాలు కొన్ని ఉన్నాయి. టికెట్టు కొనుక్కుని సీజనంతా ఎప్పుడైనా వెళ్ళగలిగిన తోటలు కొన్ని, ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రమే గేటు తెరిచేవి కొన్ని, పన్ను మినహాయింపు పొందినందుకు ప్రతిఫలంగా ప్రజలకు చూపించవలసినవి మరికొన్ని. ఇవి కాక, మనమే ఉత్తరం రాసి, తేదీ అడిగి, యజమాని ఒప్పుకుంటే మన బృందం వరకే వెళ్ళి చూసివచ్చే పద్ధతి ఒకటుంది. నేషనల్ గార్డెన్ స్కీమ్ అనే ధర్మసంస్థ "బై అరేంజ్‌మెంట్" పేరుతో దీనిని నడుపుతోంది. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను, అత్తమామలను ఎక్కడికి తీసుకువెళ్ళాలో తోచక లండన్ ఐకి, స్టోన్‌హెంజ్‌కి తిప్పి అంతటితో ఊరుకునే తెలుగు కుటుంబాల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. మా ఊళ్ళోని తెలుగువారం కొందరం కలిసి పెద్దవాళ్ళను ఇలా కొన్ని తోటలకు తీసుకువెళ్ళాము. అందులో మెచ్చుకోవలసిన సంగతులూ ఉన్నాయి, బయలుదేరే ముందే తెలుసుకోవలసిన సంగతులూ ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు కట్టి హక్కుగా లోపలికి వెళ్ళిన చోట కన్నా, చట్టం మనకు హక్కు ఇచ్చిన చోట కన్నా, అనుమతి అడిగి వెళ్ళిన తోటల్లోనే మాకు ఎక్కువ ఆదరణ దొరికింది. ఇది వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, ఈ పథకం ఎలా పుట్టిందో, డబ్బు ఎవరికి చేరుతుందో తెలిస్తే కారణం అర్థమవుతుంది.

ఈ పథకం పుట్టింది తోటల కోసం కాదు, నర్సుల కోసం. లివర్‌పూల్ వర్తకుడు విలియం రాత్‌బోన్, మరణశయ్య మీద ఉన్న తన భార్యకు ఇంట్లో సేవ చేసిన నర్సునే 1859లో ఊరిలోని పేదల ఇళ్ళకు పంపించి వైద్యసేవ చేయించాడు. అలా మొదలైన ఇంటింటి నర్సింగ్ క్రమంగా దేశమంతటా వ్యాపించి, విక్టోరియా రాణి పేరు మీద ఒక సంస్థగా స్థిరపడింది. ప్రభుత్వ వైద్యసేవ ఇంకా లేని ఆ రోజుల్లో ఆ నర్సుల ఖర్చు చందాల మీదే నడిచేది. సంస్థ పాలకమండలి సభ్యురాలు ఎల్సీ వాగ్, పెద్ద ఇళ్ళవారు తమ తోటలను మనిషికి ఒక షిల్లింగు చొప్పున తీసుకుని జనానికి చూపిస్తే ఆ డబ్బు నర్సులకు పనికివస్తుందని సూచించారు. 1927లో 609 తోటలు గేట్లు తీశాయి, 8,191 పౌండ్లు వసూలయ్యాయి. అయిదవ జార్జి రాజు సాండ్రింగ్‌హామ్ తోటను కూడా ఆ మొదటి ఏడే తెరిచారు. 1948లో ప్రభుత్వ వైద్యసేవ వచ్చి నర్సుల భారం తాను తీసుకున్న తరువాత కూడా పథకం ఆగలేదు. ఇప్పుడు దాని డబ్బు క్యాన్సరు రోగులకు నర్సుల సేవ అందించే మాక్‌మిలన్‌కు, ఇంకా మేరీ క్యూరీ, హాస్పిస్ యూకే, పార్కిన్సన్స్ యూకే, కేరర్స్ ట్రస్ట్ వంటి సంస్థలకు వెళుతుంది. ఇటీవలి కాలంలో ఏటా ఇచ్చే మొత్తం 30 లక్షల పౌండ్లు దాటుతోంది. తెరుచుకునే తోటలు మూడువేలకు పైనే.

మనం కట్టిన రుసుము యజమాని జేబులోకి పోదన్న ఒక్క విషయం ఈ వ్యవహారం తీరునంతా మార్చేస్తుంది. ముక్కూమొగం తెలియనివారి ఇంటికి వెళ్ళి "మీ తోట చూపిస్తారా" అని అడగడానికి మనకు మొహమాటం, ఊరూపేరూ తెలియనివారిని లోపలికి రానివ్వడానికి వారికి సంకోచం. మధ్యలో క్యాన్సరు రోగుల నర్సులున్నారు కాబట్టి అడిగినవారు చేయి చాచినట్టూ ఉండదు, ఇచ్చినవారు వ్యాపారం చేసినట్టూ ఉండదు. యజమాని మనతో అతిథులతో మాట్లాడినట్టు మాట్లాడతారు. మనం కూడా టికెట్టు కొన్నాం కదా అన్న ధీమాతో తిరగము.

పద్ధతి ఇలా ఉంటుంది. సంస్థ వెబ్‌సైటులో జిల్లా పేరో పోస్ట్‌కోడో కొడితే చుట్టుపక్కల తోటల జాబితా వస్తుంది. ఒక్కొక్క తోట గురించి యజమానే రాసుకున్న నాలుగైదు వాక్యాలు, రుసుము, టీ దొరుకుతుందా, మొక్కలు అమ్ముతారా, చక్రాల కుర్చీ వెళుతుందా, కుక్కలను రానిస్తారా అన్న వివరాలు ఉంటాయి. ఆదివారాలు అందరికీ తెరిచే తోటలు ఒక రకం. వాటికి ముందుగా ఎవరినీ అడగనక్కరలేదు, దారిలో పెట్టిన పసుపు బోర్డుల వెంట వెళ్ళి గేటు దగ్గర డబ్బు కడితే చాలు. "బై అరేంజ్‌మెంట్" అని ఉన్న తోటలకు మాత్రం ఏ నెల నుంచి ఏ నెల దాకా చూపిస్తారో, బృందంలో కనీసం ఎందరుండాలో, గరిష్ఠంగా ఎందరు రావచ్చో రాసి ఉంటుంది. కొన్ని తోటలు రెండు విధాలా తెరుస్తాయి. మామూలు ప్రవేశ రుసుము చాలాచోట్ల 5 నుంచి 8 పౌండ్ల మధ్య ఉంటుంది, పిల్లలకు తరచుగా ఉచితం. బృందంగా వెళితే టీ, కేకు, యజమాని దగ్గరుండి తిప్పి చూపడం అన్నీ కలిపి కొంచెం ఎక్కువ తీసుకుంటారు.

జాబితాలోని వర్ణనలను చదవడంలో కొంత నేర్పు కావాలి. ఇంగ్లీషువారు తమ తోట గురించి తామే గొప్పగా చెప్పుకోరు. "ఏదో కొంత ఆసక్తి కలిగించే చెట్లున్నాయి" అని రాస్తే అక్కడ రెండువందల ఏళ్ళ సీడార్లు ఉండవచ్చు. "కొంచెం ఏటవాలు" అని రాస్తే మోకాళ్ళ నొప్పులున్నవారు వెళ్ళకపోవడమే మంచిది. మెట్లు, గులకరాళ్ళ దారులు, లోతైన చెరువులు ఉంటే మాత్రం దాచకుండా స్పష్టంగా రాస్తారు, ఆ వాక్యాలను పట్టి పట్టి చదవాలి. మరుగుదొడ్డి సంగతి ప్రతి తోటకూ రాసి ఉండదు కనుక, పెద్దవాళ్ళతో వెళ్ళేవారు అది మొదటి ఉత్తరంలోనే అడగడం మేలు. డయాబెటిస్ ఉన్న అరవై, డెబ్భై ఏళ్ళవారిని తీసుకువెళ్ళేటప్పుడు గులాబీల కన్నా ఇదే ముఖ్యం.

ఉత్తరం ఎలా రాయాలన్న దానికి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సేవ బాగుండడం, బాగుండకపోవడం సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది. "మేము మీ తోట చూడాలనుకుంటున్నాము, వీలవుతుందా" అన్న ఒక్క వాక్యం పంపితే అవతలివారికి ఏ జవాబు ఇవ్వాలో తెలియదు. మేము రాసే ఉత్తరంలో ఎందరం వస్తామో, వారి వయసులు సుమారుగా ఎంతో, మూడు తేదీలు, ఏ సమయానికి వచ్చి ఏ సమయానికి వెళతామో, ఎన్ని కార్లు వస్తాయో, నడవలేనివారు ఎందరో, భోజన నియమాలు ఏమిటో ఉంటాయి. చివరి వాక్యంగా, ఆ రోజు వారికి అనుకూలం కాకపోతే నిస్సంకోచంగా కాదనవచ్చని రాస్తాము. ఆ చివరి వాక్యం మర్యాద కోసం రాసేది కాదు. తోట వారి ఇల్లు. ఇంట్లో పెళ్ళి ఉండవచ్చు, తోటమాలి సెలవులో ఉండవచ్చు, ఆ వారం వానకు పూలన్నీ పాడైపోయి ఉండవచ్చు. కాదనడానికి వీలు ఉంచినప్పుడే ఎవరైనా మనస్ఫూర్తిగా సరే అంటారు. ఒక యజమానురాలు మేమడిగిన తేదీ కాదని, "దానికి పది రోజుల తరువాత రండి, అప్పటికి గోడ పక్క గులాబీలు పూర్తిగా విచ్చుతాయి" అని తనంతట తానే మంచి తేదీ సూచించారు. టికెట్ల కిటికీ దగ్గర ఈ సలహా ఎవరూ ఇవ్వరు.

ఇక సందర్శన గురించి. మేము చూసిన వాటిలో వెస్ట్ ససెక్స్‌లోని ఒక పాత ఎస్టేట్ తోట గురించి కొంచెం వివరంగా రాస్తాను. యజమానులు అందులోనే నివసిస్తారు గనుక ఇంటి పేరు రాయడం భావ్యం కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, టికెట్టు కౌంటరు లేదు. మట్టి అంటిన ప్యాంటుతో, జేబులో కత్తెరతో ఎదురొచ్చిన పెద్దావిడే యజమానురాలని మా వాళ్ళు వెంటనే గ్రహించలేకపోయారు. కార్లను గడ్డి మైదానంలో వరుసగా పెట్టించి, "ముందు టీనా, ముందు తోటనా" అని అడిగి, అందరూ ముందు తోటే అనడంతో తానే దారి చూపించారు.

ఇంటి ముందున్న పచ్చిక, దాని అంచున పొడవాటి పూలమడి, ఆ వెనక కత్తిరించిన యూ చెట్ల కంచెలు ఇంగ్లీషు తోటల ఫొటోల్లో కనిపించేవే. మా వాళ్ళు వాటిని మర్యాదకు చూశారు. వాళ్ళను నిలబెట్టేసింది గోడల మధ్య ఉన్న కూరగాయల తోట. నాలుగు వైపులా పది, పన్నెండు అడుగుల ఇటుక గోడ, దక్షిణానికి తిరిగిన గోడ మీద కొమ్మలను తీగెలకు కట్టి అడ్డంగా పరచి పెంచిన బేరి చెట్లు, ఆ గోడ పట్టి ఉంచిన వేడికి చలిదేశంలో కూడా కాయలు పండుతాయని చెప్పినప్పుడు, గోదావరి జిల్లాలో వ్యవసాయం చేసి వచ్చిన ఒక మామయ్యగారు చేయి పెట్టి ఇటుక వేడిని పరీక్షించారు. చెట్టు మొదలు దగ్గర వంగి కూర్చుని, ఏ కణుపు దగ్గర కోశారో, కొమ్మను ఎన్నో ఏట వంచారో అడగడం మొదలుపెట్టారు. ప్రశ్న తెలుగులో, అనువాదం ఆయన కోడలిది, జవాబు ఇంగ్లీషులో. ఆ సంభాషణ అయ్యేసరికి మిగిలినవారంతా రెండు మడులు దాటిపోయారు. టికెట్టు కొని చూసే పెద్ద తోటలో ఈ ప్రశ్న ఎవరిని అడగాలి?

ఎండ తగిలే ఒక మూల యజమానురాలు ఉష్ణదేశపు మొక్కలను పెంచుతున్నారు. అక్కడ చలికాలంలో గడ్డి చుట్టి కాపాడుకునే అరటి ఉంది, మెట్టతామరలు ఉన్నాయి, తలకిందులుగా వేలాడే ఉమ్మెత్త లాంటి పెద్ద పూల బ్రుగ్‌మాన్సియా ఉంది. వాటి మధ్యలో గచ్చు మీద పెద్ద మట్టికుండీలో, చుట్టూ గులకరాళ్ళు పేర్చి, ఒక చేమ మొక్క ఉంది. మా పిన్నిగారు దాని ముందు ఆగి, "ఇదేమిటమ్మా, చేమదుంపలకు ఇంత వైభోగమా!" అన్నారు. దీని దుంపలు వేపుడు చేసుకుంటామని, ఆకులతో కూడా వంటలున్నాయని చెబితే యజమానురాలు నమ్మలేదు. తరువాత వంట పద్ధతి కాగితం మీద రాయించుకున్నారు. అలంకారానికి అమ్మే రకాలన్నీ తినడానికి పనికిరావనీ, సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుందనీ పిన్నిగారు రెండుసార్లు హెచ్చరించి మరీ రాయించారు. ఆ రోజు అతిథి ఎవరో, ఆతిథ్యం ఇచ్చినవారు ఎవరో కాసేపు తారుమారయింది.

పూలు కోయడం గురించి మాత్రం పెద్దవాళ్ళకు కారులోనే చెప్పాలి. మన ఇళ్ళలో తెల్లవారగానే పక్కవారి గోడ మీద నుంచి పూజకు నాలుగు పూలు తెచ్చుకోవడం తప్పు కాదు, అడగకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ రాలిన పువ్వును తీసుకోవచ్చు గానీ చెట్టు మీది పువ్వు మీద చేయి వేయకూడదు. విత్తనాలకూ అదే నియమం. కావాలనుకుంటే అడగాలి. అడిగినప్పుడు చాలామంది యజమానులు సంతోషంగా నాలుగు గింజలు కవరులో పోసి ఇస్తారు. గేటు దగ్గర బల్ల మీద పెట్టి అమ్మే చిన్న కుండీల మొక్కలు కూడా బయటి నర్సరీల కన్నా చౌకగా ఉంటాయి. ఆ తోట నేలలో బతికిన మొక్కల కొమ్మలతోనో విత్తనాలతోనో పెంచినవి కనుక తెచ్చుకున్నాక చచ్చిపోవడం కూడా తక్కువే.

టీ ఈ సందర్శనలలో సగభాగం. ఇంట్లో చేసిన కేకులు, స్కోన్లు, ఆవిరి కక్కే పెద్ద పాత్రలోంచి టీ, పచ్చిక మీద మడత కుర్చీలు. శాకాహారులకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషువారి దృష్టిలో కోడిగుడ్డు శాకాహారమే. "మా వాళ్ళు శాకాహారులు" అని మాత్రమే రాస్తే బల్ల నిండా గుడ్డు వేసిన విక్టోరియా స్పాంజి కేకే ఎదురవుతుంది. గుడ్డు తినరని విడిగా రాయాలి. ఓట్స్, వెన్న, గోల్డెన్ సిరప్ కలిపి చేసే ఫ్లాప్‌జాక్‌లో సాధారణంగా గుడ్డు ఉండదు కాబట్టి, ఆ పేరు మనమే సూచిస్తే చేసేవారికీ సులువు. అలా ముందుగా రాసిన చోట ఫ్లాప్‌జాక్‌ను వేరే పళ్ళెంలో పెట్టి, పక్కన చేతిరాతతో చీటీ అంటించి ఉంచారు. టీ మాత్రం నీళ్ళలా పలచగా ఉంటుంది, దానికి మందు లేదు. ఫ్లాస్కులో మన టీ తీసుకువెళ్ళిన అత్తయ్యగారు ఒకరు కారులోనే తాగి వచ్చారు, ఎదుటివారిని నొప్పించకూడదని.

లోపాలు లేవని కాదు. మొదటిది కనీస సంఖ్య నియమం. చాలా తోటలు బృందంలో కనీసం పదిమంది ఉండాలంటాయి. ఇద్దరు ముసలివాళ్ళను తీసుకుని వెళ్ళాలనుకునే ఒక్క కుటుంబానికి ఇది అడ్డంకే. ఇద్దరు ముగ్గురిని కూడా రానిచ్చే తోటలు ఉన్నాయి గానీ, అవి వెతికి పట్టుకోవాలి. యజమాని వైపు నుంచి చూస్తే ఈ నియమం అన్యాయం కాదు: ఒక పూట పని మానుకుని ఇంటిని సిద్ధం చేసి, చివరికి ధర్మసంస్థకు పదహారు పౌండ్లు చేరితే ఎవరికి ప్రయోజనం? అయినా ఆదివారం అందరికీ తెరిచే రోజుకు ఆ కుటుంబం వెళ్ళవచ్చు అన్నది పూర్తి జవాబు కాదు, ఆ రోజు యజమానితో మాట్లాడే వ్యవధి దొరకదు.

రెండవది రవాణా. ఈ తోటలలో అధిక భాగం రైలుస్టేషనుకు, బస్సుకు దూరంగా ఉంటాయి. కారు లేనివారు ఈ సేవను దాదాపు వాడుకోలేరు. మినీబస్సు అద్దెకు తీసుకుంటే ప్రవేశ రుసుముకు రెండింతలు ఖర్చవుతుంది, పైగా సన్నని పల్లెదారుల్లో పెద్ద బస్సు తిరగదు కాబట్టి బండి పొడవు ముందే యజమానికి చెప్పాలి. మేము ఒకసారి మాట్లాడుకున్న బస్సు కంపెనీవారు చెప్పిన దాని కన్నా పెద్ద బండి పంపించడంతో, గేటుకు చాలా దూరంలోనే దిగి పెద్దవాళ్ళను రెండు కార్లలో విడతలుగా చేరవేయవలసి వచ్చింది.

మూడవది, తోటకూ తోటకూ మధ్య హెచ్చుతగ్గులు. సంస్థ స్థానిక ప్రతినిధులు తోటలను చూసి ఎంపిక చేస్తారు కనుక మరీ నాసిరకం తోట జాబితాలో ఉండదు. అయితే చూపించే తీరు యజమాని స్వభావాన్ని బట్టే ఉంటుంది. కొందరు ప్రతి మొక్క లాటిన్ పేరూ చెబుతూ పోతారు, పెద్దవాళ్ళు అలసిపోతారు. కొందరు గేటు తీసి "మీ ఇష్టం, తిరగండి" అని ఇంట్లోకి వెళ్ళిపోతారు. నడిపించి చూపిస్తారా, ఎంతసేపు అన్నది ముందే అడిగితే ఈ నిరాశ ఉండదు.

ఇప్పుడు ఇతర మార్గాలతో పోలిక. ప్రైవేటు తోటలోకి వెళ్ళే హక్కు ప్రజలకు చట్టప్రకారం లేదు. కొండలు, బీళ్ళ మీద స్వేచ్ఛగా నడిచే హక్కు ఇచ్చిన 2000 నాటి కంట్రీసైడ్ అండ్ రైట్స్ ఆఫ్ వే చట్టమే పార్కులను, తోటలను ఆ హక్కు నుంచి మినహాయించింది. స్కాట్లండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం చాలా ఉదారమైనది గానీ, అక్కడ కూడా ఇంటివారి ఏకాంతానికి సరిపడినంత స్థలాన్ని వదిలిపెట్టాలి. ఎంత స్థలమన్నది వివాదమై, కిన్‌ఫాన్స్ కోట విషయంలో 2007లో పెర్త్ న్యాయస్థానం యజమాని పక్షాన తీర్పు ఇచ్చింది.

ఒక్క మార్గంలో మాత్రం ప్రజలకు హక్కు లాంటిది ఉంది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న భవనాలకు, వాటి చుట్టూ ఉన్న భూములకు, కళాఖండాలకు వారసత్వపు పన్ను నుంచి షరతులతో కూడిన మినహాయింపు దొరుకుతుంది. వాటిని కాపాడాలి, ప్రజలకు చూపించాలి అన్నవి ఆ షరతులు. 1998లో షరతులను బిగించి, యజమాని అపాయింట్‌మెంటు ఇస్తేనే చూసే పద్ధతి ఒక్కటే చాలదన్నారు. పన్నుశాఖ ఆ జాబితాను ఇంటర్నెట్‌లో ఉంచింది. కాగితం మీద ఇది మనకు అనుమతి కన్నా బలమైనది. ఆచరణలో మా అనుభవం వేరు. ఒక ఎస్టేట్ కార్యాలయానికి రాసిన ఉత్తరానికి వారాల తరబడి జవాబు లేదు, వచ్చిన జవాబులో ఆ ఏటికి చూపే రోజులు అయిపోయాయని ఉంది. మరుసటి ఏడు వెళ్ళినప్పుడు ఒక ఉద్యోగి మా వెనకే నడుస్తూ, తాడు కట్టిన దారి దాటకుండా కాపలా కాశాడు. చట్టం గేటు తెరిపించగలదు గానీ బేరి కొమ్మను ఎప్పుడు వంచాలో చెప్పించలేదు.

చార్లెస్ రాజు సొంత నివాసమైన హైగ్రోవ్ తోట గురించి చాలామంది అడుగుతారు. గ్లాస్టర్‌షైర్‌లో ఉన్న ఆ తోటను వసంతం నుంచి శరదృతువు దాకా ముందుగా టికెట్టు కొన్నవారికి గైడు వెంట చూపిస్తారు, ఆదాయం ధర్మకార్యాలకే వెళుతుంది. గుర్తింపు పత్రం చూపాలి, లోపల ఫొటోలు తీయకూడదు. తోట అద్భుతమే కానీ, మనవడికి పంపడానికి ఒక్క ఫొటో లేకుండా ఇంటికి రావడం మన పెద్దవాళ్ళకు రుచించదు.

మరొక కొసన స్కాట్లండులోని పోర్‌ట్రాక్ హౌస్ ఉంది. డంఫ్రీస్ పట్టణానికి దగ్గరలో, భవన నిర్మాణ కళా విమర్శకుడు చార్లెస్ జెంక్స్, ఆయన భార్య మ్యాగీ కెస్విక్ కలిసి మొదలుపెట్టిన 30 ఎకరాల "గార్డెన్ ఆఫ్ కాస్మిక్ స్పెక్యులేషన్" అది. నత్త ఆకారపు మట్టిదిబ్బ, కృష్ణబిలంలా లోపలికి వంగిన గచ్చు, విశ్వం పుట్టుకను చెప్పే మెట్ల వరుస, డీఎన్‌ఏ శిల్పాలు అందులో ఉన్నాయి. ప్రపంచమంతటి నుంచి చూడాలనుకునేవారున్నా, అది స్కాట్లండ్స్ గార్డెన్స్ స్కీమ్ ద్వారా ఏడాదికి ఒక్కరోజే తెరుచుకుంటుంది. వచ్చిన డబ్బు 1995లో క్యాన్సరుతో మరణించిన మ్యాగీ పేరు మీద నడిచే క్యాన్సరు సహాయ కేంద్రాలకు వెళుతుంది. ఒక్కరోజేమిటని విసుక్కునేవారున్నారు. ఎవరి సొంత ఇంట్లోకైనా మూడువందల అరవై నాలుగు రోజులు తలుపు వేసుకునే హక్కు వారికి ఉందని నేను అనుకుంటాను. కానీ నడవలేని పెద్దవాళ్ళతో ఆ ఒక్కరోజు జనసందోహంలోకి వెళ్ళమని ఎవరికీ చెప్పను. పిల్లలకు మాత్రం తప్పక చూపించవలసిన చోటు.

ఖర్చు లెక్క చూస్తే, చాట్స్‌వర్త్ వంటి పెద్ద ఎస్టేట్‌లో ఇల్లూ తోటా కలిపి చూడడానికి ఒక్కరికి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరో ముగ్గురో టీతో సహా చూసి రావచ్చు. చాట్స్‌వర్త్ తోట 105 ఎకరాలు, దాని జలపాతపు మెట్లు మూడువందల ఏళ్ళ నాటివి, వాటికి ఈ చిన్న తోటలు సాటి కాదు. అక్కడ కాళ్ళు నొప్పెట్టేదాకా నడవాలి, ఇక్కడ రెండు గంటల్లో చూసి, కూర్చుని, మాట్లాడి రావచ్చు. పెద్దవాళ్ళకు రెండవదే నయం.

తేదీ అడగవలసిన కాలం గురించి చెప్పి ముగిస్తాను. ఇండియా నుంచి పెద్దవాళ్ళు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తారు, అప్పుడు బ్లూబెల్స్, రోడోడెండ్రాన్లు ఉంటాయి. గులాబీలకు జూన్ రెండవ సగం, డాలియాలకు, మన వాళ్ళు గుర్తుపట్టే బంతి, మెట్టతామర వంటి వాటికి ఆగస్టు చివర, సెప్టెంబరు మొదలు. జూన్ తేదీలు త్వరగా నిండిపోతాయి కనుక వీసా, విమానం టికెట్లు ఖాయం కాగానే, ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఉత్తరం రాసేయాలి. వారం ముందు మరొక్కసారి ఎందరు వస్తున్నారో నిర్ధారించాలి. పదిహేనుమందిమని రాసి తొమ్మిదిమంది వెళ్ళడం మనవాళ్ళలో ఉన్న అలవాటే. ఆ ఆరుగురి రుసుము కూడా కట్టేసి రావాలి, ఎందుకంటే కేకులు పదిహేనుమందికి చేసి ఉంటారు.